నా నొప్పిని నమ్మిన డాక్టరమ్మకు

డాక్టరమ్మగారూ, మొన్న గురువారం రిపోర్టు చేతికిచ్చి "క్యాన్సర్ లేదమ్మా" అన్నప్పుడు నాకు గొంతు పెగలలేదు. మీ గది బయట ఇంకా ఎంతోమంది వేచి ఉన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. అది నాకు చాలలేదు. అందుకే నలుగురూ చదివేచోట ఇది రాస్తున్నాను. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాకు 56 ఏళ్లు. ముట్లు ఆగి మూడేళ్లయింది. ఈ ఏడాది వేసవి చివర మళ్లీ ఎరుపు కనిపించింది. అలా ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలని తెలుసు, వెంటనే ఒక ఆస్పత్రికి వెళ్లాను. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందం 9 మిల్లీమీటర్లు వచ్చింది. ముట్లు ఆగాక రక్తం కనిపించేవారికి అది 4 దాటితే సాధారణంగా ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తారట, అంటే ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి క్యాన్సర్ ఉందేమో చూస్తారట.

ఆ మొదటి ఆస్పత్రి గురించి ఎక్కువ రాయను. నొప్పి తెలియకుండా ఏమైనా ఇస్తారా అని అడిగితే, "ఇద్దరు పిల్లల్ని కన్నావు, ఈ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నారు. నా పిల్లలిద్దరూ ఆపరేషన్‌తోనే పుట్టారు. కాన్పు నొప్పులతో గర్భసంచి ముఖద్వారం తెరుచుకున్నదే లేదు. ముట్లు ఆగాక అది మరింత బిగుసుకుపోతుందని తరువాత మీరు చెబితేనే తెలిసింది. దాన్ని కొక్కెంలాంటి పరికరంతో పట్టుకుని గొట్టం లోపలికి పంపబోయేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. ఆపమని ఏడ్చాను. ముక్క రాలేదు. "సహకరించలేదు" అని కాగితం మీద రాసి పంపించారు. ఆ ఒక్క మాట నన్ను నాలుగు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. మరకలు కనిపిస్తూనే ఉన్నాయి. మా వారికి కూడా చెప్పలేదు.

దీపావళికి ఫోను చేసిన మా మేనకోడలు నా గొంతులో తేడా పసిగట్టి అంతా రాబట్టింది. అది డాలస్‌లో నర్సు. "అత్తయ్యా, తప్పు నీది కాదు. ఇలాంటి పరీక్షలకు ముందే నొప్పి గురించి మాట్లాడాలని, మత్తు ఇంజెక్షన్ లాంటివి కావాలా అని అడగాలని ఇక్కడి స్త్రీవైద్య నిపుణుల సంఘం 2025 మే నెలలో డాక్టర్లకు సూచించింది. నువ్వే నోరు తెరిచి అడుగు" అంది. అమ్మలూ, నువ్వు చల్లగా ఉండాలి.

అలా మీ దగ్గరికి వచ్చాను. బల్ల ఎక్కించే ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొదటిసారి ఏం జరిగిందో చివరిదాకా విన్నారు. బీపీ మాత్రలు, గుండె, పడని మందులు, అన్నీ అడిగారు. ముఖద్వారం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్ లిగ్నోకెయిన్ అనీ, పన్ను తీసేముందు చిగురుకు ఇచ్చేదీ అదేననీ చెప్పారు. "నొప్పే ఉండదని అబద్ధం చెప్పనమ్మా. సూది చురుక్కుమంటుంది. ముఖద్వారం చుట్టూ మొద్దుబారుతుంది కానీ, పైన గర్భసంచిలో ముట్టునొప్పిలా కాసేపు మెలిపెడుతుంది. మీరు చెయ్యి ఎత్తితే ఆపుతాను" అన్నారు.

గంట ముందే నొప్పి మాత్ర వేయించారు. ఇంజెక్షన్ ఇచ్చాక గోడ గడియారం చూసి అయిదు నిమిషాలు ఆగారు. నోట్లో ఇనుము రుచి తగిలినా, చెవుల్లో హోరు వినిపించినా వెంటనే చెప్పమన్నారు. అవేవీ రాలేదు. ఆ అయిదు నిమిషాలూ సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని మా పెరట్లో ఏమేం మొక్కలున్నాయో అడుగుతూ కూర్చుంది. సిస్టరమ్మా, మీకూ వేయి దండాలు.

కొక్కెం పట్టినట్టు తెలిసింది కానీ నొప్పి లేదు. గొట్టం లోపలికి వెళ్లినప్పుడు పొత్తికడుపు మెలిపెట్టింది, చెయ్యి ఎత్తాను. మీరు ఆగారు. నిజంగానే ఆగారు. "తీసేయమంటారా, ఇంకొంచెం చూద్దామా?" అని నన్నే అడిగారు. కానివ్వమన్నాను. ఆ మాట నా నోటి నుంచి ధైర్యంగా వచ్చిందంటే అది మీ చలవే.

ముక్క తీయడం పూర్తయిందని మీరు చెప్పేదాకా నాకు తెలియలేదు. నాలుగు నెలలు నన్ను తినేసిన పని ఒక్క నిమిషంలో అయిపోయింది. ఆ మందు ఖరీదైనదేమీ కాదు. ఊరూరా పళ్ల డాక్టర్ల దగ్గర ఉండేదే. నొప్పి తగ్గించమని అడిగిన ఆడవాళ్లను మొండివాళ్లుగా చూడవద్దని ఇది చదివే డాక్టర్లందరికీ చేతులెత్తి విన్నవించుకుంటున్నాను.

లోపలి పొర దళసరి అయిందనీ, కణాల్లో చెడు మార్పు లేదనీ రిపోర్టులో వచ్చింది. మీరు రాసిన హార్మోను మాత్రలు వేసుకుంటున్నాను. ఆరు నెలలకు మళ్లీ ముక్క తీయాలన్నారు కదా, తప్పకుండా వస్తాను. అంతకన్నా ముందు, వచ్చే సోమవారం మా వదినను మీ దగ్గరికి తీసుకొస్తున్నాను. ముఖద్వారం ముక్క పరీక్ష చేయించుకోమని ఎవరో రాసిచ్చిన చీటీని ఆమె భయపడి ఏడాదిగా బీరువాలో దాచిపెట్టుకుంది. నిన్న నా సంగతంతా విని, లేచి వెళ్లి ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది.