సెలవుల్లో తీతువుల పని: ఎర్రదా, పసుపుదా?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఈ వేసవిలో రాతపని తగ్గించి, తీతువు పిట్టల్ని చూసి రాసుకురమ్మన్నాం. మన కర్నూలు చుట్టుపక్కల రెండు రకాలున్నాయి. కేసీ కాలువ గట్ల మీద, చెరువు అంచుల్లో ఎక్కువగా తిరిగేది ఎర్ర తీతువు. నీళ్లకు దూరంగా రాళ్ల నేలల్లో, కోతలైన మెట్ట చేలల్లో ఉండేది పసుపు తీతువు. అలాగని చోటును బట్టి పేరు రాసేయకూడదు. ఎర్రది మెట్టలోకీ వస్తుంది.

కాళ్లు చూసి లాభం లేదు, రెండింటివీ పసుపే. తల, మెడ, రొమ్ము చూడాలి. ఎర్రదానికి కంటి ముందు ఎర్రటి కండ, నల్ల కొసతో ఎర్ర ముక్కు, గొంతు నుంచి రొమ్ము దాకా నలుపు, కంటి వెనక నుంచి మెడ పక్కగా దిగే తెల్లటి పట్టీ ఉంటాయి. పసుపుదానికి నెత్తిన నల్లటోపీ, దాని కింద తెల్లగీత, ముక్కు పక్కన వేలాడే పసుపు కండ, మట్టిరంగు రొమ్ము. పొడవు 26–28 సెం.మీ.; ఎర్రది 32–35. ఎండకు ఎదురుగా నిలబడితే కండ రంగు తెలియదు, సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఎర్ర తీతువు పిల్లకు గొంతు తెల్లగా, కండ చిన్నదిగా ఉంటుంది. దాన్ని వేరే రకం అనుకోవద్దు.

ఇది గుడ్ల కాలం. రెండూ నేల మీదే చిన్న గుంటలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు, పక్కనే గులకరాళ్లు. కాలు పడేదాకా కనబడవు. మన ఎండల్లో తల్లి కూర్చునేది చాలావరకు నీడ కోసమే. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మనం దగ్గర్లో నిలబడితే అది దిగదు, 40 డిగ్రీలు దాటిన ఎండకు గుడ్లు పాడవుతాయి. అందుకని పిట్ట నెత్తిమీద తిరుగుతూ అరిస్తే, కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఫోటో కోసం ఆగొద్దు, గుర్తుగా పుల్ల పాతొద్దు. (తీతువు అరిస్తే కీడని ఇంట్లో పెద్దలు అంటే, అది గుడ్ల దగ్గరికొచ్చిన కుక్కను తరుముతోందేమో చూడమనండి.)

ఉదయం 6 నుంచి 8 లోపు, పెద్దవాళ్లు తోడుండగానే వెళ్లాలి. తేదీ, సమయం, చోటు, ఎన్ని పిట్టలు, ఏ గుర్తు చూశారో రాయాలి. రకం తేలకపోతే ‘తీతువు’ అని మాత్రమే రాస్తే చాలు, మార్కులు తగ్గించం. నోటుపుస్తకాలు బడి తెరిచిన మొదటి వారంలో సైన్సు టీచరుకు ఇవ్వాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు