చలి కబురు గూడేనికి ముందే చేరాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ, అటు అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోనూ చలి ముదిరి రాత్రి ఉష్ణోగ్రతలు సింగిల్ డిజిట్‌కు పడిపోయిన ఈ రోజుల్లో, మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ ఒకే తీరు వార్త కనిపిస్తోంది. నిన్న తెల్లవారుజామున ఎక్కడ ఎన్ని డిగ్రీలు నమోదయ్యాయో అందులో ఉంటుంది. పక్కనే మన్యంలోని లంబసింగి పొగమంచులో సెల్ఫీలు దిగుతున్న పర్యాటకుల ఫొటో ఉంటుంది. గడిచిపోయిన రాత్రి తాలూకు ఆ అంకెతో చలిలో ఉన్నవాడికి ఇక పనేముంది? రాబోయే నాలుగైదు రాత్రులు ఎలా ఉండబోతున్నాయో, ఏ మండలంలో ఎవరు ఏం సర్దుకోవాలో చెప్పే వార్త మాత్రం వెతికినా దొరకడం లేదు.

ముందస్తు సమాచారం లేక ఇలా జరుగుతోందనుకోవడానికి వీల్లేదు. భారత వాతావరణ శాఖ ఏటా చలికాలం మొదలయ్యే వేళకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పరిస్థితి ఎలా ఉండవచ్చో అంచనా వెలువరిస్తుంది. ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా ఇస్తుంది. ఇవిగాక జిల్లాలవారీగా, తీవ్రత పెరిగే కొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో రోజువారీ హెచ్చరికలు ఉండనే ఉన్నాయి. వీటిలో జనం చెవిన పడేది మొదటిదొక్కటే, అదీ శీర్షిక వరకే. ‘ఈసారి కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా ఉండే అవకాశం’ అని చదివి దుప్పటి కొనుగోలు వాయిదా వేసుకున్న మనిషిని తప్పుపట్టలేం. కానీ అది మూడు నెలల సగటు మీద, పెద్ద ప్రాంతం మొత్తానికి కట్టిన సంభావ్యత. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి వారం పది రోజులు మబ్బు పట్టిందంటే రాత్రులు వెచ్చబడతాయి, సగటు పైకి పోతుంది. అదే చలికాలంలో ఎముకలు కొరికిన ఆరేడు రాత్రులు ఆ సగటులో ఎక్కడా కనిపించవు. మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం ఆ ఆరేడు రాత్రుల్లోనే.

ఆ రాత్రులు చెప్పాపెట్టకుండా ఊడిపడేవీ కావు. పడమటి నుంచి వచ్చే గాలి అలజడులు హిమాలయాల మీద మంచు కురిపించి తూర్పుకు జరిగిపోయాక, వాటి వెనకనే పొడి చల్లగాలి ఉత్తరాది మైదానాల మీదుగా మధ్యప్రదేశ్, విదర్భ దాటి మన వైపు దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి నిలిచిపోతే పగలంతా నేల పీల్చుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది. సూర్యోదయ వేళకు చలి పతాకస్థాయికి చేరుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి చలికి ఎత్తు ఒక కారణం. ఆదిలాబాద్ పట్టణం మూడు వందల మీటర్ల ఎత్తున కూడా లేదు. సముద్రానికి దూరంగా, ఉత్తరపు గాలికి ఎదురుగా ఉండడమే దానికి శాపం. ఈ గాలి దిగుతున్న సంగతి నాలుగైదు రోజుల ముందే వాతావరణ నిపుణులకు కనిపిస్తుంది. కనిపించిన సంగతి గూడెం దాకా రావడంలోనే చిక్కంతా ఉంది.

ఆ చిక్కులో కొంత నిబంధనలది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకంటే తక్కువకో దిగి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి తగ్గితేనే శీతల గాలులుగా లెక్కిస్తారు, 6.4 డిగ్రీలకు మించి తగ్గితే తీవ్ర శీతల గాలులు. సాధారణంతో నిమిత్తం లేకుండా 4 డిగ్రీలకు పడిపోయినా శీతల గాలులే, 2 డిగ్రీలకు పడిపోతే తీవ్రం. సాధారణం ఎంతో చెప్పాలంటే ఆ చోట ముప్పై ఏళ్ల లెక్కలు ఉండాలి. అలాంటి లెక్కలున్న పాత కేంద్రాలు జిల్లాకొకటి ఉంటే గొప్ప. రాష్ట్ర ప్రభుత్వం తరఫున తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలు పెట్టించి మంచి పని చేసింది. ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్(యు) మండలం చలి మనకు తెలుస్తున్నది వాటివల్లే. కాకపోతే వాటి అంకెలు మరునాటి వార్తకు పనికొస్తున్నంతగా ముందటి హెచ్చరికకు పనికి రావడం లేదు. పైగా చల్లగాలి బరువు వల్ల పల్లానికి జారుతుంది, కనుక లోయలోనో చెరువు పక్కనో ఉన్న గూడెం, పట్టణంలోని కేంద్రం చూపే అంకె కంటే చల్లగా ఉండవచ్చు. ఆ అంకె కూడా నేలకు నాలుగడుగుల పైన పెట్టెలో తీసినది. నేల మీద చాప పరుచుకుని పడుకున్నవాడి చలి అంతకంటే ఎక్కువే.

ఇదంతా కాగితం మీది చర్చ అనిపిస్తే ఒక ఆశ్రమ పాఠశాల సంగతి చెబుతాను. పేరు అనవసరం, ఇలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ పిల్లలను అయిదింటికే లేపుతారు. స్నానం ఆరుబయట సిమెంటు తొట్టి దగ్గర, చన్నీళ్లతో. సోలార్ హీటర్ మిద్దె మీద ఉంది గానీ పైపు పగిలి మూలపడింది. కిటికీ రెక్క ఊడిపోయిన చోట పాత ఫ్లెక్సీ ముక్క కట్టారు, గాలి వచ్చినప్పుడల్లా అది టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. ఇద్దరు పిల్లలకు ఒక దుప్పటి. ఆ వార్డెన్ చెడ్డవాడేమీ కాదు, పై నుంచి ఉత్తర్వు రానిదే వేళలు మార్చే అధికారం తనకు లేదన్నాడు. చలి ముదిరాక కొన్ని జిల్లాల్లో బడి వేళలు మార్చడం మనం చూశాం. అయితే పగటి బడికి వెళ్లే పిల్లవాడికి ఆ మార్పు ఉపయోగపడినంతగా, తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకునే హాస్టల్ పిల్లవాడికి ఉపయోగపడదు.

ఆ పిల్లల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్నవారూ ఉంటారన్న సంగతి మరింత కలవరపెడుతుంది. ఈ వ్యాధి గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. దాన్ని 2047 నాటికి నిర్మూలించాలని 2023లో కేంద్రం జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. చలికి, ముఖ్యంగా చన్నీటి స్నానానికి, ఈ పిల్లల సన్నని రక్తనాళాల్లో కొడవలి ఆకారపు కణాలు అడ్డుపడి కీళ్లలో, ఎముకల్లో భరించలేని నొప్పులు వస్తాయి. వైద్యులకు తెలిసిన విషయమే ఇది. అయినా నేను చూసిన చలి హెచ్చరికల్లో వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బులవారు జాగ్రత్త అని ఉంటుంది తప్ప సికిల్ సెల్ అనే మాట కనబడలేదు. మైదాన ప్రాంతం కోసం రాసిన హెచ్చరికనే ఏజెన్సీకీ పంపితే ఇలాగే ఉంటుంది. తలుపులన్నీ మూసుకుని కుంపటి పెట్టుకుని పడుకుంటే దాని నుంచి వచ్చే విషవాయువు తెలియకుండానే ప్రాణం తీస్తుందన్న మాట సైతం ఎక్కడో చివరి వరుసలో ఉంటుంది.

రైతుల మాటకొస్తే, ఇది పత్తి అమ్మకాల కాలం. మార్కెట్ యార్డు బయట రాత్రంతా వరుస కట్టిన బండ్ల మీద, పత్తి లోడు పైనే గొంగడి కప్పుకుని పడుకునే రైతులకు చలి ఒక బాధ, తేమ ఇంకో బాధ. తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే కొనరు. పట్టా కప్పని లోడు తెల్లవారేసరికి మంచుకు తడిసి ఆ లెక్క తారుమారవుతుంది. యాసంగి నారుమళ్లదీ ఇదే కథ: సాయంత్రం పాలిథిన్ పట్టా కప్పి పొద్దున్నే తీసేయాలని, రాత్రి నీరు తీసేసి ఉదయం కొత్త నీరు పెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. నారు ఎర్రబారాక ఆ సలహా పేపర్లో చదివి ఏం లాభం? వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహాలు వెలువడే పద్ధతి మనకుంది. వాటిని కిందికి చేర్చవలసిన జిల్లా విభాగాలను 2024లో ఎత్తేయడం ఏ లెక్కన చూసినా తెలివైన పని అనిపించదు.

వేసవితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2015 ఎండలకు రెండు రాష్ట్రాల్లో వందలాదిమంది చనిపోయాక వడగాలుల ప్రణాళికలకు ఊపు వచ్చింది. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉపాధి పనుల వేళల మార్పు ఇప్పుడు కలెక్టర్లకు అలవాటైన పనులే. వడగాలులు కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో లేని రోజుల్లోనే రాష్ట్రాలు చొరవ తీసుకుని ఇంత చేశాయి. చలిగాలులు ఆ జాబితాలో ఎప్పటినుంచో ఉన్నాయి, విపత్తు నిధి వాడుకోవడానికి అడ్డంకి లేదు. అయినా పసుపు హెచ్చరిక వస్తే హాస్టల్ వేళలు ఎవరు మార్చాలి, నారింజ హెచ్చరిక వస్తే ఏ ఆరోగ్య కేంద్రంలో ఏ మందులు సిద్ధంగా ఉండాలి అన్నది ముందే రాసిపెట్టి, మండలం దాకా పంపిన కాగితం మా వైపు నేనింతవరకు చూడలేదు. దుప్పట్ల టెండరు కూడా చలితో పాటే మొదలై సంక్రాంతి దాటాక తేలుతుంది. శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుంది కదా అన్న ధీమా అధికారులకు ఉన్నట్టుంది.

మీ పత్రికకు నా వినతి చిన్నది. జిల్లా పేజీలో నిన్నటి కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక పక్కన రాబోయే అయిదు రాత్రుల అంచనా కూడా ఇవ్వండి: ఉట్నూరు, సిర్పూర్(యు), తిర్యాణి, అటు మన్యంలో పాడేరు, చింతపల్లి, అరకు పేర్లతో. సాధారణం కంటే ఎంత తక్కువో, ఆ రోజు ఏ రంగు హెచ్చరిక ఉందో, దాని కింద హాస్టళ్లకు, పత్తి రైతులకు, సికిల్ సెల్ కుటుంబాలకు తలా ఒక వాక్యం ఉంటే చాలు. గోండి కార్యక్రమాలు ప్రసారం చేస్తున్న ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం ఇదే సమాచారాన్ని సాయంత్రం పూట గోండిలో చదివితే పత్రిక అందని గూడేలకూ చేరుతుంది. హాస్టళ్లలో చన్నీటి స్నానాలు ఆపి, లేచే వేళను సూర్యోదయం తర్వాతికి మార్చడానికి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు టెండర్ల కోసం ఎదురుచూడనక్కర లేదు. ఒక్క ఉత్తర్వు చాలు, అది ఈ వారమే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా