బోర్డు మార్చారు, పాడైన డోర్ లాక్ అలాగే ఉంది: వాషింగ్ మెషీన్ సర్వీసుపై ఫిర్యాదు

నల్లకుంట, హైదరాబాద్
23 జూన్ 2025

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,

విషయం: 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్ స్టార్ట్ కాకపోవడం, మీటరు పెట్టి చూడకుండానే మెయిన్ బోర్డు మార్చడం, డోర్ లాక్ వైర్లు కలిపేసి దాన్ని డైరెక్ట్ చేస్తామనడం గురించి.

అయ్యా,

2021 అక్టోబరులో కొన్న మీ కంపెనీ మెషీన్ ఈ నెల మొదటి వారంలో స్టార్ట్ కావడం మానేసింది. జూన్ 9న మీ సర్వీస్ సెంటర్ నుంచి టెక్నీషియన్ వచ్చి మెయిన్ బోర్డు (మెషీన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయిందని చెప్పి మార్చారు. బోర్డుకు 7,000, విజిటింగ్‌కు 500, పైన 18 శాతం జీఎస్టీ కలిపి 8,850 రూపాయలు తీసుకున్నారు. మెషీన్ ఆరు రోజులు నడిచి, జూన్ 15న మళ్లీ అదే తీరుగా ఆగిపోయింది. 17న ఇంకో టెక్నీషియన్ వచ్చారు. మరో 590 తీసుకుని, కొత్త బోర్డు కూడా పోయిందన్నారు. ఇద్దరిలో ఎవరూ సంచీలోంచి మల్టీమీటరు బయటికి తీయలేదు. జాబ్ షీట్లు రెండూ ఈ లేఖతో పంపుతున్నాం. వాటిలో రీడింగులు రాయాల్సిన గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.

లక్షణం మొదట్నుంచీ ఒకటే. పవర్ బటన్ నొక్కితే ప్యానెల్ లైట్లన్నీ వెలుగుతాయి, నాబ్ తిప్పితే ప్రోగ్రాం మారుతుంది. స్టార్ట్ నొక్కిన మూడు నాలుగు సెకన్లకు తలుపు దగ్గర టక్‌మని చప్పుడు వస్తుంది. కానీ నీళ్లు తీసుకోదు, డ్రమ్ము తిరగదు. కాసేపటికి మళ్లీ ఒకసారి టక్‌మంటుంది. చివరికి డిస్‌ప్లే మీద తలుపు ఎర్రర్ కోడ్ వస్తుంది. దాని అర్థం మీ మాన్యువల్‌లోనే ఉంది: తలుపు సరిగ్గా పడలేదని. మెషీనే తలుపు వైపు వేలు పెట్టి చూపిస్తుంటే బోర్డు మార్చడమేమిటి? బోర్డులో పవర్ సప్లై పోతే అసలు లైట్లే వెలగవు కదా.

ఇంట్లో చూడగలిగినవన్నీ ముందే చూశాం. చైల్డ్ లాక్ లేదు, డిలే స్టార్ట్ పెట్టలేదు. తలుపు కొక్కెం విరగలేదు, కీలు వంగలేదు, గ్యాస్కెట్టు (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) మడతలో గుడ్డ ఇరుక్కోలేదు. మెషీన్ 16 ఆంపియర్ల సాకెట్టులోనే ఉంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడటం లేదు. ప్లగ్గు పిన్నులు నల్లబడలేదు. మొదటి టెక్నీషియన్ వోల్టేజీ ఫ్లక్చుయేషన్ వల్లే బోర్డు పోయిందని చెప్పి స్టెబిలైజరు కూడా అంటగట్టబోయారు. సాకెట్టు దగ్గర పొద్దున ఆరింటికి 236 వోల్టులు, మధ్యాహ్నం 229, రాత్రి ఎనిమిదింటికి, అంటే వీధిలో అందరి ఏసీలూ నడిచే వేళకు, 221 ఉంది. మీ మెషీన్ వెనక రేటింగ్ ప్లేటు మీద 220 నుంచి 240 అని మీరే వేశారు. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య 1.2 వోల్టులే ఉంది కాబట్టి ఎర్తింగ్‌నూ తప్పుపట్టడానికి లేదు.

ఇక అసలు సంగతి. ఈ మోడల్‌లో ఉన్నది మూడు వైర్ల డోర్ లాక్: ఎల్ (ఫేజు), ఎన్ (న్యూట్రల్), సి (తలుపు పడిందని బోర్డుకు తెలిపే వైరు). స్టార్ట్ నొక్కగానే బోర్డు ఎల్, ఎన్‌ల మధ్య 230 వోల్టులు పంపిస్తుంది. లాక్ లోపలి పీటీసీ బిళ్ల (చిన్న హీటరు లాంటిది) వేడెక్కుతుంది, ఆ వేడికి బైమెటల్ పట్టీ (రెండు లోహాలు అతికిన రేకు) వంగుతుంది, పిన్ను బయటికొచ్చి తలుపును పట్టేస్తుంది. అదే కదలికతో ఎల్‌కూ సికీ మధ్య కాంటాక్టు కలుస్తుంది. సి మీద కరెంటు కనబడితేనే తలుపు పడిందని బోర్డు నమ్మి నీళ్ల వాల్వు తెరుస్తుంది. కనబడకపోతే ఎర్రర్ చూపిస్తుంది.

కాబట్టి మీటరుతో మూడు చూపుల్లో తప్పు ఎక్కడో తేలిపోతుంది. స్టార్ట్ నొక్కాక ఎల్, ఎన్‌ల మధ్య వోల్టేజీ రాకపోతే బోర్డుదో, వైరుదో తప్పు. వోల్టేజీ వచ్చి, పిన్ను కూడా పడి, సి మీద ఏమీ రాకపోతే లాక్ తప్పు. సి మీద కూడా వచ్చాక ఎర్రర్ ఇస్తే అప్పుడు మళ్లీ బోర్డును అనుమానించాలి. బోర్డు పోయినా ఇదే కోడ్ రావచ్చన్న మాట నిజమే. ఊహించి చెప్పకూడదు, కొలవాలి అనేది అందుకే.

పైమూత తీసి, బోర్డు దగ్గర లాక్ కనెక్టరులో పదిసార్లు కొలిచాం. (కరెంటు ఉండగా చేసే పరీక్ష ఇది. చేయి తిరిగినవాళ్లు తప్ప ఇంట్లో ఎవరూ చేయకూడదు. బోర్డు మీది కెపాసిటర్లో ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టుల పైన కాసేపు నిలిచి ఉంటుంది.) పదిసార్లూ ఎల్, ఎన్‌ల మధ్య 226 నుంచి 230 వోల్టులు వచ్చాయి. పదిసార్లూ పిన్ను పడింది. సి మీద మాత్రం మూడుసార్లే కరెంటు వచ్చింది. ఆ మూడుసార్లూ మెషీన్ వెంటనే నీళ్లు తీసుకుంది. మిగతా ఏడుసార్లు సి దగ్గర సున్నా. తర్వాత ప్లగ్గు తీసి, పది నిమిషాలాగి, కనెక్టరు ఊడదీసి చూస్తే పీటీసీ చల్లగా ఉన్నప్పుడు 1.1 కిలో ఓములు చూపింది, అంటే బిళ్ల బాగానే ఉంది. బోర్డు నుంచి లాక్ దాకా మూడు వైర్లనూ కదిలిస్తూ చూసినా ఒక ఓము దాటలేదు. మిగిలింది లాక్ లోపలి కాంటాక్టు ఒక్కటే. లాక్‌ను విప్పలేదు. అది రివెట్లు వేసిన డబ్బా, విప్పితే రేపు మీరు దాన్నే సాకుగా చూపిస్తారు.

కొత్త బోర్డుతో ఆరు రోజులు ఎలా నడిచిందని మీ సర్వీస్ సెంటర్‌వాళ్లు ఎదురు అడుగుతున్నారు. పదింట మూడుసార్లు కలిసే కాంటాక్టు, కొన్నాళ్ల కిందట పదింట తొమ్మిదిసార్లు కలిసి ఉంటుంది. బోర్డు మార్చేటప్పుడు మెషీన్‌ను లాగి, అటూ ఇటూ వంచి, తలుపు నాలుగైదుసార్లు గట్టిగా వేస్తారు. మసిపట్టిన కాంటాక్టు ఆ కుదుపుకు కొంత రుద్దుకుని కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది. దాన్ని చూసి రోగం కుదిరిందనుకున్నారు. లాక్ నోటి దగ్గర తెల్లటి పొడి కూడా కట్టింది. వాష్ ఏరియాలో పెట్టిన మెషీన్లకు ఈ ఊళ్లో ఇది మామూలే. నల్లా నీళ్లు రాని రోజు బోరు నీళ్లే వాడతారు. ఉప్పు నీళ్లు, సబ్బు నురగ గ్యాస్కెట్టు అంచు నుంచి కారి అక్కడే ఎండుతాయి. మీ టెక్నీషియన్లు రోజూ చూసే దృశ్యమే ఇది, కొత్త వింత కాదు.

అన్నిటికంటే తీవ్రమైన విషయం 17వ తేదీది. బోర్డు వద్దంటే, రెండో టెక్నీషియన్ లాక్‌ను డైరెక్ట్ చేసేస్తానన్నారు, రసీదు లేకుండా ఐదు వందలకు. అంటే ఎల్, సి వైర్లు రెండూ కలిపి చుట్టేయడం. అప్పుడు తలుపు తెరిచి ఉన్నా, పడిందనే బోర్డు నమ్ముతుంది. ఈ మెషీన్ స్పిన్ 1,200 ఆర్‌పీఎం. అర మీటరు వెడల్పు డ్రమ్ము ఆ వేగంతో తిరిగితే దాని అంచు గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది. చిన్నపిల్లలు ఒక చెయ్యి లోపల పెడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. మేము ఒప్పుకోలేదు. ఒప్పుకున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో మీరు విచారించాలి.

మీ కాల్ సెంటర్ గురించి కూడా ఒక మాట. తెలుగుకు ఏ అంకె నొక్కమన్నారో అదే నొక్కితే హిందీలో పలికారు. అది పక్కన పెడదాం. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ ప్లగ్గు తీసి పెట్టమన్నారు, నల్లా తెరిచి ఉందా అని అడిగారు. స్టార్ట్ నొక్కాక తలుపు దగ్గర టక్‌మని వినిపించిందా అని ఒక్కరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, వచ్చే మనిషి సంచీలో బోర్డుతో పాటు లాక్ కూడా పెట్టుకుని వచ్చేవాడు. ఆ లాక్ ధర మీ సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో చెప్పినదాని ప్రకారం 1,350 రూపాయలు.

మోటారుకు పదేళ్ల వారంటీ అని మెషీన్ ముఖాన పెద్ద స్టిక్కరు అంటించారు. పోయేది మోటారు కాదని మీకూ తెలుసు.

మేము కోరేది ఇది. అసలైన డోర్ లాక్ తెచ్చి బిగించండి. లాక్ ధర, ఒక విజిటింగ్ చార్జీ మేమే ఇస్తాం, అది న్యాయం. అక్కరలేని బోర్డుకు తీసుకున్న 8,260, రెండో విజిట్‌కు తీసుకున్న 590, మొత్తం 8,850 రూపాయలు వెనక్కివ్వండి. కొత్త బోర్డు మీరే తీసుకెళ్లి, మమ్మల్ని అడగకుండా పట్టుకెళ్లిన మా పాత బోర్డు తెచ్చి పెట్టండి. అది పాడైందని ఇప్పటికీ అంటే, పాడైనట్టు చూపించే రీడింగు కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. లాక్ డైరెక్ట్ చేస్తానన్న విషయంలో ఏ చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా తెలియజేయండి. అసౌకర్యానికి చింతిస్తున్నాం అనే ఎస్సెమ్మెస్ ఇప్పటికే మూడుసార్లు వచ్చింది, నాలుగోది అక్కర్లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాం. అక్కడా తేలకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. మీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా, వినియోగదారు నివసించే చోటే కేసు వేయవచ్చని ఆ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

మెషీన్ ప్లగ్గు తీసి ఉంచాం. వచ్చే టెక్నీషియన్‌కు రీడింగుల కాగితం ఇస్తాం, ఆయన మీటరు ఆయన తెచ్చుకుంటే చాలు. వచ్చే ముందురోజు ఫోన్ చేయించండి.

ఇట్లు,
బిల్లులో పేరున్న వినియోగదారు