వార్తాలేఖ: దసరా సెలవుల్లో శ్రీలంక

ప్రియమైన తల్లిదండ్రులకు, నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల్ని దసరా సెలవుల్లో శ్రీలంక తీసుకెళ్తున్నామని చెప్పినప్పటి నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. చాలామంది అడుగుతున్నవి రెండే. సింగపూర్ ఎందుకు కాదు? పోయేది ద్వీపానికే కదా, ఒక్క బీచ్ కూడా లేకుండా ఇదేం టూరు?

సింగపూర్ మీద నాకేం కోపం లేదు. పిల్లలు పెద్దయ్యాక ఉద్యోగాలకో, షాపింగుకో ఎలాగూ వెళ్తారు. బీచ్ మాటకొస్తే, గాలే కోట, దక్షిణ తీరం చూడదగ్గవే. కానీ అవన్నీ పెట్టుకుంటే సగం సెలవులు బస్సులోనే గడిచిపోతాయి. అందుకే తీరం వదిలేసి, మన చిత్తూరు పిల్లలకు చూడగానే అర్థమయ్యే చోటు ఎంచుకున్నాం. చెరువుల సీమ అది.

ద్వీపం అనగానే ఎటు చూసినా పచ్చగా ఉంటుందనుకుంటాం. నైరుతి మూలా, కొండల్లోనూ అలాగే ఉంటుంది. ఉత్తరాన, తూర్పున మాత్రం ఏడాదిలో చాలా నెలలు ఎండలే. పడే వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలప్పుడే పడుతుంది. ఆ నీళ్లు పట్టి ఉంచుకోకపోతే పంట లేదు. అనురాధపురం, పొలన్నరువ లాంటి రాజధానులు అలాంటి నేలమీదే వెలిశాయి. అక్కడి రాజుల గొప్పదనాన్ని ఎన్ని చెరువులు తవ్వించారన్న లెక్కతోనే చూస్తారు.

ఈ కథ పిల్లలకు ముందే చెప్పి పంపండి. ఐదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కలావెవ అనే పెద్ద చెరువు కట్టించాడు. కొడుకు కశ్యపుడు తిరగబడి తండ్రిని బంధించి, దాచిన సొమ్మంతా చూపించమన్నాడు. ధాతుసేనుడు కలావెవకు తీసుకెళ్లమని, ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని, నా ఆస్తంతా ఇదేనన్నాడట. ఆ కోపంతో కశ్యపుడు తండ్రిని చంపించాడని అక్కడి పాత వంశచరిత్ర చెబుతుంది. ఆ కశ్యపుడు కట్టుకున్నదే సిగిరియా. అందరూ ఫొటోల్లో చూసిన, సుమారు 180 మీటర్ల ఎత్తున్న రాతిగుట్ట మీది కోట.

మా టూరులో సిగిరియా ఒక పూట. కలావెవ మాత్రం రోజంతా. అక్కడి నుంచి అనురాధపురం దాకా సుమారు 87 కిలోమీటర్ల కాలువ ఉంది. దాని మొదటి భాగంలో కిలోమీటరుకు వాలు జానెడు కూడా ఉండదు. యంత్రాలు లేని రోజుల్లో అంత తక్కువ వాలుతో నీళ్లెలా పారించారో మా లెక్కల మాస్టారు కాలువ గట్టు మీదే పాఠం చెబుతారు. కట్ట లోపలి వైపు, తూము దగ్గర చదరంగా కట్టిన తొట్టి ఒకటి ఉంటుంది. అక్కడ దాన్ని బిసోకొటువ అంటారు. నీళ్లు వదిలేటప్పుడు వేగానికి కట్ట కోసుకుపోకుండా కాపాడేది అదే. మన ఊరి తూముకూ దానికీ తేడా ఏమిటో పిల్లలు బొమ్మ గీసి తేవాలి.

పొలన్నరువలో గల్ విహార అనే రాతి గుడిలో శయన బుద్ధుణ్ణి చూస్తారు. ఆ తర్వాత పరాక్రమ సముద్రం. పేరుకు సముద్రమే గానీ అది 5,000 ఎకరాలు దాటిన చెరువు. 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు దానికి ఆ రూపం ఇచ్చాడు. మనిషికి పనికి రాకుండా ఒక్క వాన చుక్క కూడా సముద్రంలో కలవకూడదన్నది ఆయన మాటగా చెబుతారు. ఇక మిన్నేరియా చెరువును మూడో శతాబ్దంలో మహాసేనుడు కట్టించాడు. అనురాధపురంలో ఇటుకల కొండలా కనిపించే జేతవన స్తూపం కూడా అతనిదే. అక్కడ వానలు లేని నెలల్లో మిన్నేరియా చెరువు లోపలికి తగ్గి, బయటపడిన నేల మీద లేత గడ్డి మొలుస్తుంది. దానికోసం అడవి ఏనుగులు గుంపులుగా వస్తాయి. మనం వెళ్లేసరికి ఆ కాలం చివరికొస్తుంది, కాబట్టి ఏనుగులు కనిపిస్తాయని మాత్రం హామీ ఇవ్వలేం.

తర్వాత కొండలెక్కి కాండీ. బుద్ధుడి దంతం ఉంచిన గుడి, దంతాలయం, అందరూ చూస్తారు. మన పిల్లలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలినవాళ్లు నాయక రాజులు, తెలుగు మూలాలున్న వంశం. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు శైవ కుటుంబంలో పుట్టినా, 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి అక్కడ బౌద్ధానికి మళ్లీ ప్రాణం పోశాడు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. ఊరి మధ్యలో ఉన్న సరస్సు తవ్వించింది ఆయనే. ఆయన్ని 1815లో బ్రిటిష్ వాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపారు. 1832లో చనిపోయేదాకా అక్కడే ఖైదు. ఆయన సమాధి వేలూరులో పాలారు ఒడ్డున ముత్తు మండపంలో ఉంది. మనకు గంట దూరం. ఆసుపత్రి పని మీద వేలూరు వెళ్లే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లి, అరగంట అక్కడ ఆగండి. టూరుకు రాలేని పిల్లలందర్నీ మేమే ఒక శనివారం అక్కడికి తీసుకెళ్తున్నాం. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

2022లో టీవీలో చూసిన పెట్రోలు క్యూల గురించి కొందరు భయపడుతున్నారు. ఆ రోజులు గడిచాయి. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో సుమారు గంటన్నర. గడియారం మార్చుకోనక్కర్లేదు, అక్కడా మన టైమే.

సిగిరియా మెట్లు సుమారు 1,200. ఎత్తు చూస్తే కళ్లు తిరిగే పిల్లల్ని బలవంతంగా ఎక్కించం. కింద నీటి తోటలున్నాయి, వానాకాలంలో ఇప్పటికీ చిమ్మే ఫౌంటెన్లు ఉన్నాయి. నా మటుకు నాకు పైనున్న కోట కంటే అవే ఎక్కువ. గుట్ట మీద కందిరీగల పట్లు ఉంటాయి. గోల చేయొద్దని అక్కడ బోర్డులు కూడా పెట్టారు. తొమ్మిదో తరగతిని మౌనంగా నడిపించే పని కందిరీగలకే వదిలేస్తున్నాం.

గుళ్లకు భుజాలు, మోకాళ్లు కప్పే తెల్ల బట్టలు పెట్టండి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడాన్ని అక్కడ పెద్ద తప్పుగా చూస్తారు, ఇంట్లో కూడా ఒకసారి చెప్పండి. తిండికి ఇబ్బంది లేదు. అన్నం, అప్పం, ఇడియాప్పం అన్నీ దొరుకుతాయి. కానీ కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో ఎండు చేప పొడి వేస్తారు. శాకాహారం తినే పిల్లల పేర్లు ఫారంలో తప్పకుండా రాయండి.

పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. వచ్చే శనివారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు. వచ్చేముందు పిల్లల్ని మీ ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. తూములు ఎన్ని ఉన్నాయి, మొరవ (చెరువు నిండాక పొర్లే నీళ్లు) ఎటు పోతుంది, ఆఖరిసారి ఎప్పుడు మొరవ పోయింది అని అవ్వనో తాతనో అడిగి రాసుకురమ్మనండి. సంతకం చేసిన ఫారం వెనకవైపు దానికి ఖాళీ వదిలాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు