ఇంజన్ లోపల ఏం జరిగిందో కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

రాకెట్ ఇంజన్ పరీక్ష జరిగిందని మీ పత్రికలో వార్త వస్తే వదలకుండా చదువుతాను. ఇన్ని సెకన్లు మండింది, ఇంత థ్రస్ట్ (రాకెట్‌ను తోసే బలం) ఇచ్చింది, పరీక్ష విజయవంతమైంది అని ఉంటుంది. వార్త అక్కడితో అయిపోతుంది. ఇంజన్ పరీక్షల్లో ఇరవై రెండేళ్లు కొలతల పని చేసి రిటైరయ్యాను కాబట్టి, నా మనసు ఇంకో వాక్యం కోసం వెతుకుతుంది. లోపల ఇంధనం ఎంత బాగా మండింది? మీ విలేకరులు ఈ ప్రశ్న కూడా అడగాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజన్ చివరి సెకను దాకా మండినంత మాత్రాన దహనం సరిగ్గా జరిగిందని చెప్పలేం. ఇంధనాన్నీ ఆక్సిజన్‌నూ దహన గదిలోకి చిమ్మే ఇంజెక్టర్ నుంచి ఒక పక్కకు ఇంధనం, ఇంకో పక్కకు ఆక్సిజన్ ఎక్కువగా వెళితే ఒకచోట గోడ మాడుతుంది, మరోచోట ఇంధనం సగం మండి బయటికి పోతుంది. థ్రస్ట్ కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది గానీ ఎక్కడ, ఎందుకు తగ్గిందో తెలియదు. పోనీ లోపల థర్మోకపుల్ (వేడిని కొలిచే లోహపు తీగల జత) పెడదామా అంటే, దహన గదిలో వేడి 3,000 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది, ఆ తీగలకు వాడే ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. సన్నని గొట్టంతో వాయువును బయటికి లాగి పరీక్షిద్దామంటే, అది చల్లారేలోపు దారిలోనే రసాయన చర్యలు సాగి మారిపోతుంది.

అందుకే లేజర్‌తో కొలుస్తాం. ఏ వాయువైనా తనకు సరిపడే కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతినే మింగుతుంది. నీటి ఆవిరి 1.4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 4.3 దగ్గర, ఇంధనం పూర్తిగా మండనప్పుడు మిగిలే కార్బన్ మోనాక్సైడ్ 4.7 దగ్గర బాగా మింగుతాయి. డయోడ్ లేజర్‌కు ఇచ్చే కరెంటు మారిస్తే దాని తరంగదైర్ఘ్యం కూడా కొద్దిగా జరుగుతుంది. అలా సెకనుకు వేల సార్లు జరుపుతూ కాంతిని మంటలోంచి పంపి, అవతలి వైపు డిటెక్టర్‌తో పట్టుకుంటాం. వాయువు మింగినచోట గ్రాఫ్‌లో గుంట పడుతుంది. గుంటను బట్టి ఆ వాయువు ఎంత ఉందో లెక్క కడతాం. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అబ్బురమనిపించేది వేడిని కొలిచే తీరు. వేడి పెరిగేకొద్దీ అణువులు కింది శక్తి మెట్లు వదిలి పై మెట్లకు చేరతాయి. కింది మెట్టు మీది అణువుల వల్ల పడే గుంట చిన్నదవుతుంది, పై మెట్టుది పెద్దదవుతుంది. ఆ రెండు గుంటల నిష్పత్తిలో ఉష్ణోగ్రత దొరికిపోతుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ హాన్సన్ బృందం 1970లలోనే ఇలాంటి లేజర్లతో మంటలను కొలిచింది. 1994లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో, ఇలాంటి పొడవైన తరంగదైర్ఘ్యాల కాంతినిచ్చే క్వాంటం క్యాస్కేడ్ లేజర్ పుట్టాక కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోవడం మరింత సులువైంది.

నేను మొదటిసారి ఒక చిన్న ఇంజన్‌కు ఈ ఏర్పాటు బిగించినప్పుడు నీటి ఆవిరి లెక్క కంటే బాగా ఎక్కువ చూపించింది. మంట ఆరిపోయాక కూడా గుంట అలాగే ఉంది. రెండు రోజులు ఒకటే టెన్షన్. మూడో రోజు పొద్దున తలుపు తీసి బయట వాన చూస్తుంటే విషయం తట్టింది. లేజర్‌కూ ఇంజన్‌కూ మధ్య అడుగున్నర ఖాళీ ఉంది, ఆ గాలిలోని తేమను కూడా కలిపి కొలుస్తున్నాం! ఆ దారికి గొట్టం బిగించి పొడి నైట్రోజన్ పంపాం, గుంట పోయింది. అప్పటి నుంచి చల్లని తేమ పెద్దగా మింగని, బాగా వేడెక్కిన ఆవిరి మాత్రమే మింగే తరంగదైర్ఘ్యాలనే ఏరుకునేవాళ్లం.

అసలు కష్టమంతా విండో దగ్గర. లేజర్ లోపలికి వెళ్లాలంటే గోడకు రెండు వైపులా రంధ్రాలు చేసి వేడికి తట్టుకునే పారదర్శకమైన సఫైర్ (నీలమణి) బిళ్లలు బిగించాలి. కిరోసిన్ ఇంజన్‌లో అయితే రెండు సెకన్లకే ఆ బిళ్ల మసిబారి మా సిగ్నల్ చచ్చిపోయింది, ఇంజన్ మాత్రం మండుతూనే ఉంది. బిళ్ల మీదుగా నైట్రోజన్ ఊదితే మసి ఆగుతుంది. మరీ ఊదితే కొలవాల్సిన మంటే చల్లబడుతుంది. ఇంకో ఇంజన్‌కు డ్రాయింగులన్నీ పూర్తయ్యాక వెళ్లి రంధ్రాలు అడిగాం. అంత పీడనం ఓర్చుకోవాల్సిన గోడను ఆ దశలో ఎవరు తొలుస్తారు? ఇంజన్ డిజైన్ చేసినవాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకునేదాన్ని కాదు. చివరికి నాజిల్ (వాయువులు బయటికొచ్చే మూతి) బయటి మంటను కొలిచి సరిపెట్టుకున్నాం. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పరీక్షల కోసం కట్టే ఇంజన్‌కు మొదటి డ్రాయింగులోనే విండో ఉండాలని అందుకే అంటాను.

లేజర్‌కూ హద్దులున్నాయి. అది వెళ్లిన దారి మొత్తానికి సగటే చెబుతుంది. పీడనం పెరిగితే పక్కపక్క గుంటలు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి అంకె ఇచ్చేవాళ్లు దానిలో ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్పాలి.

చంద్రుడి మీదికి మనుషులను పంపిన సాటర్న్-5 రాకెట్‌లోని ఎఫ్-1 ఇంజన్‌లో మంట అదుపు తప్పి ఊగిపోయేది. 1960లలో దాన్ని సరిదిద్దడానికి దహన గదిలో చిన్న బాంబులు పేల్చి చూస్తూ సుమారు 2,000 పూర్తిస్థాయి పరీక్షలు చేశారు. లోపలి వాయువులను చూపించే ఇప్పటి లేజర్లు వాళ్లకు లేవు. మనకున్నాయి.

ఈసారి ఎక్కడ ఇంజన్ పరీక్ష జరిగినా మీ విలేకరి ఈ రెండు ప్రశ్నలు అడగాలని నా విన్నపం. దహన గదిలో కార్బన్ మోనాక్సైడ్, ఉష్ణోగ్రత కొలిచారా? కొలిస్తే ముందు వేసుకున్న లెక్కకు ఎంత దగ్గరగా వచ్చాయి? ఆ జవాబులను రెండు వాక్యాల్లో వేసినా చాలు, చదివేవాళ్లం ఉన్నాం.

ఇట్లు,
విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు, మీ పాఠకురాలు