పెచోరాను లారీ ఎక్కించే ముందు

సంపాదకులకు,

2025 మేలో ఆపరేషన్ సిందూర్‌పై ప్రభుత్వ ప్రకటనలో పెచోరా పేరు వచ్చాక, ఆ పాత క్షిపణి వ్యవస్థల ఆధునికీకరణ మీద వార్తలు పెరిగాయి. అన్నీ ‘ఎంత దూరం కొడుతుంది’ దగ్గరే ఆగుతున్నాయి. విమానాలను నేల మీది నుంచి కూల్చడానికి 1961లో సోవియట్ సైన్యంలో చేరిన ఎస్-125నే మనం పెచోరా అంటున్నాం. దాని క్షిపణి వెళ్లేది దాదాపు 25 కిలోమీటర్లు. రాడార్ మార్చినంత మాత్రాన మోటారులో ఇంధనం పెరగదు కదా! అడగాల్సింది వేరు: దించి సిద్ధం చేయడానికి ఎంతసేపు, సర్దుకుని కదలడానికి ఎంతసేపు?

పాత పద్ధతిలో యాంటెన్నా ట్రైలర్‌ను జాకీల మీద లేపి లెవెల్ చూడాలి. కంట్రోల్ క్యాబిన్ నుంచి యాంటెన్నాకు, జనరేటర్‌కు, ఒక్కో లాంచర్‌కు కేబుళ్లు పరచాలి. కనెక్టర్ పిన్నుల్లో ఇసుకో తేమో చేరిందంటే, తప్పు ఏ కేబుల్లో ఉందో పట్టుకోవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

ఆ తర్వాత ఉత్తర దిక్కు. ఆకాశమంతా చూసే నిఘా రాడార్‌కూ, గురి పట్టి క్షిపణిని నడిపించే ఫైర్ కంట్రోల్ రాడార్‌కూ ఉత్తరం ఒకటే కావాలి. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా 20 కిలోమీటర్ల దూరంలో గురి 350 మీటర్లు పక్కకు పోతుంది. సన్నటి బీముకు అక్కడ దొరికేది ఖాళీ ఆకాశమే. ఆపరేటర్ వెతుకుతున్నంతసేపూ రాడార్ తరంగాలు వదులుతూనే ఉంటుంది. రాడార్‌ను వెతుక్కుంటూ వచ్చే క్షిపణికి కావలసిందీ అదే.

1999 మార్చి 27న సెర్బియాలో, రాడార్‌కు తేలిగ్గా చిక్కని అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను కూల్చింది ఈ ఎస్-125 రకమే. ఆ దళానికి కొత్త రాడార్ ఏదీ రాలేదు. ఫైర్ కంట్రోల్ రాడార్‌ను ఒక్కసారికి 20 సెకన్లకు మించి వేసి ఉంచలేదు, తరచూ చోటు మార్చారు.

కాబట్టి డబ్బు ముందు పెట్టాల్సింది జీపీఎస్, గైరో (దిక్కు కనిపెట్టే పరికరం)లతో దానంతట అదే ఉత్తరం పట్టే ఏర్పాటుకు, రాగి కేబుళ్ల కట్టల స్థానంలో ఫైబర్‌కు, జాకీలను హైడ్రాలిక్ చేయడానికి. థర్మల్ కెమెరా కూడా మంచిదే, పాత టీవీ కెమెరా రాత్రి పూట పనికిరాదు. అయితే కెమెరాతో విమానాన్ని పట్టినా క్షిపణికి ఆదేశాలు రేడియోలోనే వెళ్లాలి. పూర్తి మౌనం కుదరదు.

పోలండ్ నాలుగు క్షిపణుల లాంచర్‌ను టీ-55 ట్యాంకు ఛాసిస్ మీద పెట్టింది. రష్యా, బెలారస్‌ల పెచోరా-2ఎంలో లాంచర్ లారీ ఎక్కింది, దాని మీది క్షిపణులు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. కదలిక కోసం ఎన్ని క్షిపణులు వదులుకుంటున్నామో లెక్క ముందే తేలాలి.

చివరిగా, క్షిపణి వయసు. రెండు దశలూ ఘన ఇంధనమే. ఇంధనం కడ్డీకి పగులు వస్తే మండే ఉపరితలం పెరిగి, లోపలి ఒత్తిడికి మోటారు గొట్టమే పగలొచ్చు. నిల్వ ఉన్న ప్రతి బ్యాచ్ నుంచి కొన్నిటికి ఎక్స్‌రే తీయాలి, ఇంధనం పాడవకుండా అందులో కలిపే స్టెబిలైజర్ ఎంత మిగిలిందో ల్యాబ్‌లో చూడాలి. ఇది రాడార్ కొన్నాక చేసే పని కాదు. ముందు చేయాలి. వాడదగ్గ క్షిపణులు ఎన్ని మిగిలాయో తెలిస్తేనే ఎన్ని లాంచర్లకు చక్రాలు పెట్టాలో తేలుతుంది.

— ఒక రాడార్ ఇంజినీరు, హైదరాబాద్