ఆచార్యులను అడిగితే తప్పేమిటి?

సంపాదక మహాశయా,

నిఘా అధికారులు పరాయి దేశాల విషయంలో విశ్వవిద్యాలయ ఆచార్యుల సలహా తీసుకోవడాన్ని ఆక్షేపిస్తూ గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి బాధ కలిగింది. రహస్యాలు బయటివాళ్ల చెవిన పడతాయన్నది వ్యాసకర్త భయం. అధికారులు ఆచార్యులను అడిగేది ఆ దేశపు భాష, మతం, బజారు, పాత పగల గురించి. వీటిలో దాచవలసినదేముంది?

ఇరాన్ సంగతే చూడండి. 1978 జనవరి 9న ఖుమ్ పట్టణంలో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. షియా ముస్లింలు మృతులకు నలభయ్యో రోజున సంతాపం జరుపుతారు. ఆ లెక్క ప్రకారమే ఫిబ్రవరి 18న తబ్రీజ్ భగ్గుమంది. అక్కడ చనిపోయినవారి నలభయ్యో రోజుకు యజ్ద్‌లో జనం వీధికెక్కారు. ఇరాన్ రాజు షాను ఎదిరించిన మతగురువు ఖొమైనీ ప్రసంగాల క్యాసెట్లు మసీదుల్లో, బజార్లలో చేతులు మారాయి. షియా ఆచారాలు చదువుకున్న పరిశోధకుడెవరైనా తర్వాతి అలజడి ఏ వారంలో వస్తుందో క్యాలెండర్ చూసి చెప్పగలిగేవాడు. అయినా ఆ ఆగస్టులో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ నివేదిక, ఇరాన్‌లో విప్లవ పరిస్థితి గాని, దానికి ముందటి పరిస్థితి గాని లేదని తేల్చింది. 1979 జనవరి 16న షా దేశం విడిచి వెళ్లాడు. ఆ వైఫల్యాన్ని పరిశీలించే పనిని సీఐఏ చివరికి అప్పగించింది రాజనీతిశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ జెర్విస్‌కే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అయితే ఈ సంప్రదింపులు చాటుమాటుగా సాగకూడదు. 1985లో హార్వర్డ్ పశ్చిమాసియా అధ్యయన కేంద్రం అధిపతి ఏర్పాటుచేసిన సదస్సుకు సీఐఏ డబ్బిచ్చిందని బయటపడి, ఆయన ఆ పదవి వదులుకోవలసి వచ్చింది. ఒక ఆచార్యుడిపై గూఢచారి అన్న అనుమానం పడితే ఆయన శిష్యులకు కూడా ఆ దేశపు వీసా దొరకదు.

ఇంతకీ అడుగుదామన్నా మన దగ్గర మిగిలిందెవరు? 1937లోనే శాంతినికేతన్‌లో చైనా భాషా సంస్కృతుల అధ్యయనానికి చీనా భవన్ నెలకొల్పుకున్న దేశం మనది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబుతో సహా 20 మందిని పోగొట్టుకున్న తర్వాతైనా, చైనా పత్రికలను మూలంలో చదివి చెప్పగల యువతను తయారుచేయాలన్న తొందర పాలకుల్లో కనబడదు. తిరుపతిలో ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రం, ఉస్మానియాలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం నెలకొల్పుకున్నామని ఎందరు అధికారులకు తెలుసు? మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయని మీ పత్రికలోనే ఎన్నోసార్లు చదివాం. ఒక దేశం భాష నేర్చి, అక్కడి పల్లెల్లో తిరిగి, జీవితమంతా ఆ చదువుకే ధారపోసిన మనిషి పదవీ విరమణ చేస్తే, ఆ స్థానంలో అతిథి అధ్యాపకుణ్ణి పెట్టి పీరియడుకు ఇంతని లెక్కగట్టి ఇస్తున్నారు. అతడు ఏ ధైర్యంతో పరిశోధన మొదలుపెడతాడు? ఏ దేశం వెళ్లి వస్తాడు?

వ్యాసకర్త ప్రశ్నించవలసింది దీనిని. ఆ పోస్టులను ఏ తేదీలోగా నింపుతారో రెండు రాష్ట్రాల ఉన్నత విద్యాశాఖల చేత చెప్పించి మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు, హనుమకొండ